కాదనే హక్కు ఎవరి చేతిలో ఉంది? రొయ్య సుంకం నుంచి భద్రతా మండలి దాకా

(ఒంగోలులో రైతులు, ఎగుమతిదారులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అమెరికా కస్టమ్స్ సుంకాల పుస్తకంలో ఫ్రోజెన్ రొయ్యకు ఎంత రాసి ఉందో ఇక్కడున్న ఎగుమతిదారులకు తెలుసు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను: సున్నా. అది దయతలచి ఇచ్చిన సున్నా కాదు. ఇంతకు మించి వేయబోమని ప్రపంచ వాణిజ్య సంస్థలో ఆ దేశం రాసిచ్చిన మాట. అయినా 2025 ఏప్రిల్‌లో దానిమీద 10 శాతం పడింది. ఆగస్టు 7న 25 అయింది, ఆగస్టు 27 నుంచి 50 అయింది. మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, 2024 ఆఖర్లో వచ్చిపడిన 5 శాతం పైచిలుకు సబ్సిడీ వ్యతిరేక సుంకం వీటికి అదనం. చెరువు గట్టున 100 కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య ధర పడిపోతే రైతు ఏజెంటును అడుగుతాడు, ఏజెంటు ప్లాంటును చూపిస్తాడు, ప్లాంటువాళ్లు అమెరికాను చూపిస్తారు. మాట అక్కడితో ఆగిపోతుంది. మనం అక్కణ్ణుంచి మొదలుపెడదాం. రాసిచ్చిన మాట తప్పితే అడిగే కోర్టు ఒకటి జెనీవాలో ఉండేది కదా, అదేమైంది?

ప్రపంచ రాజకీయాల్లో మార్పు అనగానే ఎవరి సైన్యం ఎంత, ఎవరి జీడీపీ ఎంత అనే లెక్కలు ముందుకొస్తాయి. అవి వద్దనను. కానీ ఒక అంతర్జాతీయ సంస్థ నిజంగా ఎట్లా నడుస్తుందో తెలియాలంటే ఒక ప్రశ్న అడగాలి: అక్కడ ఒక పనిని ఆపడానికి ఎంతమంది చాలు? ఈ వందేళ్లలో ఆ సంఖ్య చాలాసార్లు మారింది. సంఖ్య మారనిచోట, ఆపే జాగా మారింది. సభలో చెయ్యెత్తి కాదనడం తగ్గి, నియామకాలు ఆపడం, చందా ఆలస్యం చేయడం, బయటికి పోతామని నోటీసు ఇవ్వడం పెరిగాయి. నా ప్రసంగమంతా దీని మీదే.

1920లో మొదలైన నానాజాతి సమితిలో ముఖ్యమైన నిర్ణయాలకు అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదంటే చాలు, ఆగిపోతుంది. తగాదాలో ఉన్న దేశం ఓటు మాత్రం లెక్కలోకి తీసుకోరు. అందుకే చైనాలోని మంచూరియాను జపాన్ ఆక్రమించిన విషయంలో 1933 ఫిబ్రవరిలో 42 దేశాలు ఒకవైపు, జపాన్ ఒక్కటే మరోవైపు నిలిచినా నివేదిక నెగ్గింది. జపాన్ ప్రతినిధులు లేచి వెళ్లిపోయారు, నెలరోజుల్లో సభ్యత్వం వదులుకుంటున్నామని నోటీసు ఇచ్చారు. మంచూరియా మాత్రం జపాన్ చేతిలోనే ఉంది. తీర్మానం నెగ్గడం వేరు, అమలు కావడం వేరు. బ్రిటిష్ పాలనలో ఉన్నా ఆ సమితిలో ఇండియా మొదటి నుంచీ సభ్యదేశమే. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

1945లో ఐక్యరాజ్య సమితి చార్టర్ రాసినవాళ్లు ఆ అనుభవం చూసి, కాదనే హక్కును ఐదుగురికి కుదించారు. పెద్ద దేశాన్ని ఓటుతో ఓడిస్తే అది సభ వదిలిపోతుంది, కాబట్టి ఓడిపోకుండా ఉండే హక్కు ముందే ఇచ్చేద్దామన్నది వాళ్ల లెక్క. వీటోను అన్యాయం అని తిట్టడం తేలిక. అది లేకపోతే ఆ ఐదూ లోపల ఉండేవి కావన్నది కూడా నిజం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. చార్టర్ 27వ అధికరణ ప్రకారం పెద్ద విషయాల్లో శాశ్వత సభ్యుల ‘సమ్మతి ఓట్లు’ కావాలి. అక్షరాలా చదివితే ఓటు వేయకుండా కూర్చున్నా తీర్మానం పడిపోవాలి. ఆచరణలో మాత్రం ఓటు వేయకపోవడం వీటో కాదని తొలి ఏళ్ల నుంచే లెక్కించారు. 1971లో నమీబియా విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఆ వాడుకను ఒప్పుకుంది. చార్టర్‌లో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మారింది. అదే ఏడాది అక్టోబరు 25న చైనా కుర్చీ తైవాన్ నుంచి బీజింగ్‌కు పోయింది. 1991 డిసెంబరులో సోవియట్ కుర్చీలో రష్యా కూర్చుంది. చార్టర్ పుస్తకంలో ఇప్పటికీ ‘రిపబ్లిక్ ఆఫ్ చైనా’, ‘సోవియట్ యూనియన్’ అనే పేర్లే ఉన్నాయి.

అక్షరం మారిన సందర్భం కూడా ఒకటి ఉంది, మన శాశ్వత సభ్యత్వం గురించి మాట్లాడేవాళ్లు తప్పక చూడాల్సింది. మొదట భద్రతా మండలిలో 11 మందే. ఆసియా, ఆఫ్రికా దేశాలు స్వాతంత్ర్యం తెచ్చుకుని సభ్యుల సంఖ్య వంద దాటాక, తాత్కాలిక స్థానాలు ఆరు నుంచి పదికి పెంచాలని 1963 డిసెంబరులో సర్వప్రతినిధి సభ తీర్మానం చేసింది. ఐదుగురు శాశ్వత సభ్యుల్లో ఆరోజు అనుకూలంగా ఓటేసింది ఒక్కరే. అప్పటికి చైనా కుర్చీలో ఉన్న తైవాన్ ప్రభుత్వం. సోవియట్, ఫ్రాన్స్ వ్యతిరేకించాయి. అమెరికా, బ్రిటన్ ఓటు వేయలేదు. అయినా ఇరవై ఒక్క నెలలు తిరిగేలోపు ఐదూ తమ చట్టసభల్లోనో ప్రభుత్వాల్లోనో ఆమోదించాయి, 1965 ఆగస్టు 31న సవరణ అమల్లోకి వచ్చింది. కొత్త దేశాలన్నీ ఒకే ముసాయిదా మీద నిలబడ్డాయి, వాటి స్నేహం కోసం రెండు కూటములూ పోటీపడుతున్నాయి. ఎవరూ కాదన్న మచ్చ మోయదలచుకోలేదు.

ఇప్పుడు అది ఎందుకు జరగడం లేదు? 108వ అధికరణ ప్రకారం మూడింట రెండొంతులు కావాలి, అంటే 193లో 129 దేశాలు. ఆపైన ఐదుగురి ఆమోదం. కానీ అసలు చిక్కు వీటో దాకా పోకముందే ఉంది. ఇండియా, బ్రెజిల్, జర్మనీ, జపాన్ ఒక జట్టు. ఇటలీ, పాకిస్తాన్ ఉన్న జట్టు కొత్త శాశ్వత స్థానాలే వద్దంటుంది. ఆఫ్రికా దేశాలు 2005 నుంచి వీటోతో కూడిన రెండు శాశ్వత స్థానాలు అడుగుతున్నాయి. 2009లో మొదలైన ప్రభుత్వాల మధ్య చర్చల్లో ఇప్పటికీ అందరూ పెన్ను పెట్టి దిద్దుకునే ఒకే ముసాయిదా లేదు. ఏకాభిప్రాయం వస్తేనే ముసాయిదా అంటారు, ముసాయిదా లేకపోతే ఏకాభిప్రాయం దేనిమీద వస్తుంది? అక్కడ వీటో వేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. కాగితం బల్లమీదికి రాకపోతే అంతకంటే సులువు ఇంకేముంది.

వీటో పడ్డాక ఏం చేయాలన్న దానికీ దారులు వెతికారు. 1950లో సర్వప్రతినిధి సభ అత్యవసరంగా కూడే పద్ధతి తెచ్చుకుంది. యుక్రెయిన్ మీద 2022 ఫిబ్రవరిలో రష్యా వీటో వేసినప్పుడు అదే పద్ధతిలో సభ పిలిచారు. పిలవాలా వద్దా అన్నది విధివిధానాల ఓటు కాబట్టి దానికి వీటో వర్తించదు. మార్చి 2న 141 దేశాలు ఒకవైపు, 5 మరోవైపు, మనతో సహా 35 తటస్థం. ఆ ఏప్రిల్‌లో ఇంకో తీర్మానం చేశారు: ఎవరు వీటో వేసినా పది పనిదినాల్లో సర్వప్రతినిధి సభలో దానిమీద చర్చ జరగాలి. దాంతో వీటో ఆగదు. వేసినవాళ్లు ఎందుకు వేశామో అందరి ముందూ చెప్పుకోవాల్సి వస్తుంది, అంతే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. ఐక్యరాజ్య సమితి మామూలు బడ్జెట్‌లో అమెరికా వాటా 22 శాతం. చైనా వాటా 2000లో ఒక శాతం దగ్గర ఉండేది, 2025 నుంచి 20 శాతం. మనది 1.1 శాతం దగ్గర. ప్రపంచ బలం ఎటు జరిగిందో చెప్పడానికి ఇంతకంటే పొట్టి లెక్క దొరకదు. రెండేళ్ల చందాకు సమానంగా బాకీ పడితే సర్వప్రతినిధి సభలో ఓటు పోతుందని 19వ అధికరణ. కాబట్టి రెండేళ్లకు కొంచెం తక్కువ బాకీ పెట్టి ఓటు నిలుపుకుంటూనే సంస్థను ఊపిరాడకుండా చేయవచ్చు. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో పెద్ద మార్పులకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఓటు 16.5 శాతం దగ్గర. లెక్క మీరే వేసుకోండి. 1940ల్లో సోవియట్ చేరకపోవడంతో మన కోటా, అంటే ఓటు బలాన్ని తేల్చే మన వాటా, ఐదో స్థానంలో ఉండేది. ఇప్పుడు 2.75 శాతంతో ఎనిమిదో స్థానం. కోటాలు 50 శాతం పెంచాలని 2023 డిసెంబరులో తీర్మానించారు, వాటాల నిష్పత్తి మాత్రం కదల్చలేదు.

ఇక మన రొయ్య దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెంసేపు ఆగాలి.

1947లో 23 దేశాలు సుంకాలు, వాణిజ్యం మీద గ్యాట్ అనే ఒప్పందం చేసుకున్నాయి, అందులో మనమూ ఉన్నాం. దాని కింద తగాదా వస్తే ముగ్గురు లేదా ఐదుగురు నిపుణుల ప్యానెల్ విని నివేదిక ఇచ్చేది. ఆ నివేదిక చెల్లాలంటే అందరూ ఒప్పుకోవాలి, ఓడిన దేశం కూడా. పెద్దమనుషులు చెప్పిన తీర్పు ఓడినవాడు ‘సరే’ అంటేనే చెల్లుతుందన్నట్టు. 1995లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ దీన్ని తలకిందులు చేసింది. నివేదిక వద్దని అందరూ కలిసి అంటేనే అది ఆగుతుంది, అంటే గెలిచిన దేశం కూడా వద్దనాలి. అది జరగదు కదా. కాబట్టి తీర్పు ఖాయం. పైన అప్పీలు వినడానికి ఏడుగురు సభ్యుల అప్పిలేట్ బాడీ. ఒక్కొక్కరికి నాలుగేళ్లు, ఇంకొక్కసారి పొడిగించవచ్చు, ఒక్కో కేసు ముగ్గురు వింటారు. అంతర్జాతీయ చట్టంలో అంత గట్టి ఏర్పాటు అంతకుముందు లేదు.

మనం అందులో ఓడాం, గెలిచాం. పేటెంట్ల కేసులో ఓడి చట్టం మార్చుకున్నాం. దిగుమతుల మీద పరిమాణ ఆంక్షల కేసులో ఓడి 2001 ఏప్రిల్ 1 నాటికి ఎత్తేశాం. రొయ్య విషయంలో మొదటి పెద్ద కేసు తాబేళ్లది. ట్రాలు వలలో తాబేలు బయటపడే ఇనప చట్రం లేని దేశాల సముద్రపు రొయ్యను అమెరికా నిషేధించింది. మనం, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కేసు వేశాం. 1998లో అప్పిలేట్ బాడీ ఏమందంటే: తాబేళ్లను కాపాడాలనే ఉద్దేశం తప్పు కాదు, దేశానికో తీరుగా అమలు చేయడం తప్పు. అమెరికా అమలు తీరు సవరించుకుంది, చట్టం నిలబడింది. కొత్తపట్నం ఒడ్డున ట్రాలు పడవల్లో పట్టిన రొయ్యకు 2019లో అమెరికా తలుపు మూసింది. మన దగ్గర్నుంచి పోయేది చెరువు రొయ్య. కేసు గెలిచామా ఓడామా అన్నది తీర్పు పేరా పేరా చదివితేగానీ తెలియదు.

తర్వాత యాంటీ డంపింగ్. 2005 ఫిబ్రవరిలో మనతోపాటు బ్రెజిల్, చైనా, ఈక్వెడార్, థాయిలాండ్, వియత్నాం మీద వేశారు. మనకు మొదట పడింది 10.17 శాతం. లెక్క ఎట్లా కట్టేవాళ్లో చూడండి. ఉదాహరణకు న్యాయమైన ధర పది డాలర్లు అనుకుందాం. ఒక సరుకు ఎనిమిదికి అమ్మారు, రెండు డాలర్ల డంపింగ్. ఇంకోటి పన్నెండుకు అమ్మారు, రెండు డాలర్లు ఎక్కువే. సగటు తీస్తే డంపింగ్ లేదు. కానీ అమెరికా వాణిజ్య శాఖ ఎక్కువ ధర వచ్చిన సరుకును మైనస్ రెండుగా కాకుండా సున్నాగా లెక్కించేది. అప్పుడు రెండు బై ఇరవై, పది శాతం డంపింగ్ తేలుతుంది. దీన్ని ‘జీరోయింగ్’ అంటారు. ఈక్వెడార్, థాయిలాండ్, వియత్నాం సరిగ్గా రొయ్య కేసుల్లోనే దీనిమీద గెలిచాయి. మనం, థాయిలాండ్ ఇంకో దానిమీద పోయాం. సుంకం డిపాజిట్ కాకుండా, అంతకుముందు ఏడాది దిగుమతుల మీద పడే సుంకానికి సమానంగా అదనపు బాండు కట్టమనేవాళ్లు. దిగుమతిదారు డబ్బు రెండుచోట్ల ఇరుక్కునేది. 2008 జులైలో అది చెల్లదని తీర్పు వచ్చింది.

ఒకమాట చిన్న ఎగుమతిదారుల కోసం. ఈ సుంకాన్ని ఏటా సమీక్షిస్తారు. అందరి లెక్కలూ చూడరు, మామూలుగా ఇద్దరు ముగ్గురు పెద్ద ఎగుమతిదారుల పుస్తకాలు తీస్తారు. వాళ్ల రేట్ల సగటే మిగతావాళ్లకు పడుతుంది. పెద్ద ప్లాంటులో ఖర్చుల లెక్క సరిగా రాయకపోతే దాని దెబ్బ కావలిలో చిన్న ప్లాంటు మీద కూడా పడుతుంది. సుంకం చివరికి ఎంత అన్నది సరుకు అమ్మిన ఏడాది, రెండేళ్ల తర్వాత తేలుతుంది. రైతుకు ధర చెప్పేటప్పుడు కొనుగోలుదారు ఆ అనుమానాన్ని కూడా ధరలోంచి తగ్గించుకుంటాడు.

జీరోయింగ్ కేసుల్లో వరసగా ఓడటం అమెరికాకు మింగుడుపడలేదు. అప్పిలేట్ బాడీ తన హద్దు దాటి కొత్త నియమాలు పుట్టిస్తోందని ఫిర్యాదు. ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది కూడా, తొంభై రోజుల గడువు దాటి తీర్పులు ఇస్తున్నారన్నది నిజమే. అయితే తీర్పుల్ని ఆపే హక్కు 1995లోనే పోయింది. మిగిలింది ఒక్కటి: సభ్యుల నియామకానికి ఇప్పటికీ అందరూ ఒప్పుకోవాలి. 2016లో ఒబామా హయాంలో కొరియా సభ్యుడి పొడిగింపును ఆపారు. 2017 నుంచి ట్రంప్ హయాంలో ప్రతి నియామకాన్నీ ఆపారు. బైడెన్ వచ్చాకా అదే. ముగ్గురు ఉంటేగాని కేసు వినలేరు. 2019 డిసెంబరు 10న మన దేశం నుంచి వెళ్లిన ఉజల్ సింగ్ భాటియాతో పాటు ఇంకో సభ్యుడి గడువు ముగిసింది, మిగిలింది ఒక్కరు. 2020 నవంబరు 30న ఆ ఒక్కరి గడువూ ముగిసింది. సంస్థను ఎవరూ రద్దు చేయలేదు, బయటికీ పోలేదు. కుర్చీలు నింపలేదు, అంతే. 130 దేశాలు కలిసి నెలనెలా నియామకాలు మొదలుపెడదామని ప్రతిపాదిస్తే నెలనెలా ఒక్క దేశం కాదంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. 2025 నాటి ఆ 50 శాతం సుంకం మీద జెనీవాకు పోయామనుకోండి. సంప్రదింపులకు 60 రోజులు. ప్యానెల్ వేసి వినడానికి ఏడాది పైన. గెలిచామే అనుకుందాం. ఓడినవాళ్లు అప్పీలు చేస్తారు. అప్పీలు తేలేదాకా నివేదిక ఆమోదం పొందదన్నది నియమం. వినేవాళ్లు లేరు కాబట్టి అది ఎప్పటికీ తేలదు. దీన్ని ‘శూన్యంలోకి అప్పీలు’ అంటున్నారు. ఓడినవాడు ఒప్పుకుంటేనే తీర్పు అనే 1947 నాటి పద్ధతి వెనక తలుపు నుంచి తిరిగొచ్చింది.

మనం మాత్రం అమాయకులమా అంటే కాదు. చెరకు సబ్సిడీల మీద బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన కేసులో 2021 డిసెంబరులో ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెప్పింది. ఆ వెంటనే మనం ఆ శూన్యంలోకే అప్పీలు వేశాం. యూరప్, చైనా, కెనడా, బ్రెజిల్ లాంటివి 2020లో తమలో తాము మధ్యవర్తిత్వ అప్పీలు ఏర్పాటు చేసుకున్నాయి, తర్వాత జపాన్, బ్రిటన్ చేరాయి. మనం చేరలేదు. చెరకు రైతుకు కలిసొచ్చిన ఖాళీ కుర్చీయే రొయ్య రైతుకు ఎదురొచ్చింది. రెండూ ఒకే దేశం లెక్కలో ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, ఎగుమతుల మీద బతికే జిల్లాలకు నడిచే కోర్టే లాభం, అందులో కొన్ని కేసులు ఓడినా సరే.

అట్లాగని ప్రపంచ పాలన అంతా పడకేసిందనుకుంటే పొరపాటు. ఎవరూ ఫొటోలు తీయని గదుల్లో అది రోజూ పనిచేస్తోంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బ్లాకు కంటైనర్ కాగితం మీద 2516 అని మొదలయ్యే నంబరు ఉంటుంది. అదే కోసి పాలిష్ పెడితే 6802. ఫ్రోజెన్ రొయ్యకు 0306.17, పొగాకు ఆకుకు 2401. మొదటి ఆరంకెలు ప్రపంచమంతా ఒకటే, తర్వాతివి ఏ దేశానివి ఆ దేశానివి. 1988 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఈ పట్టికను ప్రపంచ కస్టమ్స్ సంస్థ అయిదారేళ్లకోసారి సవరిస్తుంది. సవరణ పంపాక ఆరు నెలల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. గమనించారా, ఇక్కడ మౌనం అంటే అవును. అప్పిలేట్ బాడీ నియామకాల్లోనూ సభలో ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే. ఒకచోట పని నడుస్తోంది, ఇంకోచోట ఒక్కరు కాదంటూ ఉన్నారు కాబట్టి ఆగిపోయింది.

ఆహార భద్రత నియమాలు మరో గది. జంతువుల రోగాలకు ఒక సంస్థ, మొక్కల తెగుళ్లకు ఒకటి, ఆహార ప్రమాణాలకు కోడెక్స్. అంతకంటే కఠినంగా పెట్టాలంటే శాస్త్రీయ కారణం చూపించాలని వాణిజ్య సంస్థ ఒప్పందం. యాంటీబయాటిక్స్ దగ్గర ఇది ఎట్లా పనిచేస్తుందో చూడండి. క్లోరాంఫెనికాల్‌కు సురక్షితమైన మోతాదు ఏదీ లేదు కాబట్టి అది నిషేధం. మరి సున్నా అని ఎట్లా తేలుస్తారు? యంత్రం ఎంతవరకు పట్టగలిగితే అంతవరకు. యూరప్‌లో ఆ గీత కిలోకు 0.3 మైక్రోగ్రాములుగా ఉండేది. ల్యాబులు మెరుగయ్యాక 2022 నవంబరు నుంచి 0.15 చేశారు. ఇరవై టన్నుల కంటైనర్ మొత్తంలో మూడు మిల్లీగ్రాములు. ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలాసార్లు రైతు తెలిసి వేసింది కాదు. లేబుల్ మీద పూర్తి వివరం లేని ‘గట్ ప్రోబయాటిక్’ పొడి నుంచో, హేచరీలో సీడ్‌కు వాడిన మందు నుంచో వస్తుంది. 2016లో మన చెరువు సరుకులో యూరప్ తనిఖీ శాంపిళ్లను 10 శాతం నుంచి 50కి పెంచింది. ఒక్కో కంటైనర్ పోర్టులో ఆగే రోజులు, ల్యాబు ఖర్చు అన్నీ చివరికి చెరువు ధరలోకే వచ్చాయి. ఇక్కడ ఎవరూ వీటో వేయలేదు, ఎవరూ సభ పెట్టలేదు. ఒక యంత్రం మారింది, దాంతోపాటు నియమం మారింది.

పొగాకు రైతులు ఓపిగ్గా కూర్చున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద వచ్చిన పొగాకు నియంత్రణ ఒప్పందం 2003లో ఆమోదమై 2005 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది. మనం 2004లోనే చేరాం. అమెరికా సంతకం పెట్టింది, ఇప్పటిదాకా ఆమోదించలేదు. ఆ ఒప్పందం వల్లే మీ పంట విస్తీర్ణం తగ్గిస్తున్నారన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. ఎన్ని కిలోలు పండించాలో, ఆకు కాల్చే ఏ బ్యారన్‌కు ఎంతో నిర్ణయించేది 1975 చట్టం కింద వచ్చిన మన పొగాకు బోర్డే, అది కొనుగోలుదారుల అవసరం చూసి చేసే లెక్క. ఒప్పందంలో మీకు సంబంధించింది 17వ అధికరణ: పొగాకు రైతులకు, కూలీలకు ఆర్థికంగా గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయాలు ప్రోత్సహించాలి. దానికి ప్రత్యేకంగా నిధి లేదు. పెట్టె మీద బొమ్మ 85 శాతం ఉండాలని చట్టం చేస్తే ప్రభుత్వానికి ఖర్చు లేదు, కాబట్టి అది అమలైంది. కొండపి రైతుకు శనగ, సుబాబుల్, జామాయిల్ కాకుండా ఎకరానికి అంత రాబడి ఇచ్చే పంట చూపించాలంటే ఖర్చవుతుంది, కాబట్టి అది కాగితం మీదే ఉంది. ఆ ఒప్పందం రెండేళ్లకోసారి జరిపే మహాసభ 2016లో మన దేశంలోనే, గ్రేటర్ నోయిడాలో జరిగింది. కంపెనీల ప్రభావం పడకూడదన్న 5.3 అధికరణ చూపించి రైతు సంఘాలను లోపలికి రానివ్వలేదు. కంపెనీని, రైతును ఒకే గాటన కట్టడం ఆ నిబంధనను అతిగా వాడటమే అని నా అభిప్రాయం.

సముద్రం గురించి రెండు ముక్కలు. బంగాళాఖాతం హద్దు మీద బంగ్లాదేశ్‌తో వచ్చిన తగాదాలో 2014 జులై 7న ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం ఒప్పందం కింద మధ్యవర్తుల తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకే ఇచ్చింది. మనం ఒప్పుకున్నాం. రెండేళ్ల తర్వాత దక్షిణ చైనా సముద్రం మీద అదే ఒప్పందం కింద ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా తీర్పు వస్తే చైనా చెల్లదంది. తీర్పును అమలు చేయించే నౌక ఏ కోర్టుకూ లేదు.

పాత సంస్థల్లో వాటా కదలకపోతే పక్కనే కొత్తవి పెట్టుకోవడం ఈ పదిహేనేళ్లలో పెరిగింది. బీజింగ్‌లో 2016 జనవరిలో పని మొదలుపెట్టిన ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకులో మనం రెండో పెద్ద వాటాదారు. మన రాష్ట్రంలో కరెంటు లైన్లకు దాని అప్పు వచ్చింది. అందులో పెద్ద నిర్ణయాలకు 75 శాతం ఓట్లు కావాలి, చైనాకు పాతిక శాతం పైచిలుకు ఉన్నాయి. వాషింగ్టన్‌లోని ద్రవ్యనిధిలో 85 కావాలి, అమెరికాకు 16.5 ఉంది. బీజింగ్‌లో 75 కావాలి, చైనాకు 26 ఉంది. బ్రిక్స్ దేశాల బ్యాంకులో మాత్రం మొదటి ఐదుగురికీ సమాన వాటాలు, ఎవరికీ వీటో లేదు. తటస్థంగా ఉందామనుకునే దేశానికి అది కొంచెం ఊపిరి.

ఇక ప్రశ్నలు అడగండి.

సభ నుంచి ప్రశ్న: అమెరికా ఒక్కో సంస్థ నుంచి బయటికి పోతోంది కదా, అవి మూతపడతాయా?

వెంటనే మూతపడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు 2025 జనవరిలో ఏడాది గడువుతో నోటీసు ఇచ్చింది. అదే ఏడాది మేలో మిగతా దేశాలు మహమ్మారుల ఒప్పందాన్ని కమిటీలో 124 ఓట్లతో ఆమోదించాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటు కూడా లేదు. అయితే రోగకారక నమూనాలు ఇచ్చిన దేశానికి టీకాల్లో వాటా ఎంత అన్న అనుబంధాన్ని అప్పుడు పక్కనపెట్టారు. గట్టి ముడి అదే. బయటికి పోతామన్న బెదిరింపు కొన్నిసార్లు ఫలిస్తుంది కూడా. 1874 నాటి ప్రపంచ తపాలా సంఘం నుంచి పోతామని 2018లో అమెరికా నోటీసు ఇస్తే, 2019 సెప్టెంబరులో జెనీవాలో ప్రత్యేక మహాసభ పెట్టి చిన్న ప్యాకెట్ల చార్జీలు సవరించారు, అమెరికా ఉండిపోయింది.

సభ నుంచి ప్రశ్న: ఇవన్నీ ఢిల్లీ, జెనీవా సంగతులు. సింగరాయకొండ రొయ్యల రైతుల సంఘం చేయగలిగింది ఏముంది?

ఒకటుంది, చాలామంది వాడటం లేదు. ఏ దేశమైనా ఆహార భద్రత మీద కొత్త నియమం తేబోతే ముసాయిదాను ముందుగా వాణిజ్య సంస్థకు తెలపాలి, అభ్యంతరాలకు మామూలుగా 60 రోజులు ఇవ్వాలి. ఈ నోటిఫికేషన్లన్నీ ‘ఈపింగ్’ అనే ఉచిత వెబ్‌సైటులో వస్తాయి. సంఘం పేరుతో నమోదు చేసుకుని, సరుకు దగ్గర 0306 పెట్టి, మార్కెట్ల దగ్గర అమెరికా, యూరప్, జపాన్, చైనా ఎంచుకుంటే ఈమెయిల్ వస్తుంది. ఇంగ్లీషు చదివే పిల్లలు మీ ఇళ్లలోనే ఉన్నారు. అభ్యంతరం మీరు నేరుగా జెనీవాకు పంపలేరు, కేంద్ర వాణిజ్య శాఖ ద్వారా, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా ద్వారా పోవాలి. వాళ్లకు చదివి పంపే వ్యవధి కావాలి కాబట్టి 60 రోజుల్లో మొదటి 20 రోజుల్లోనే మీ ఉత్తరం చేరాలి. ‘మాకు నష్టం’ అని రాస్తే లాభం లేదు. ఏ పరీక్ష, ఏ పరిమితి, ఒక కంటైనర్‌కు ఎంత ఖర్చు, మన ల్యాబుల్లో ఆ యంత్రం ఉందా లేదా, అమలుకు ఎన్ని నెలలు కావాలి, ఇవి అంకెలతో రాయాలి. నియమం మొత్తం వెనక్కి పోవడం అరుదు. అమలు తేదీని ఆరునెలలు జరపమని అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ, ఆరునెలలంటే మీకు ఒక పంట కలిసొచ్చినట్టు.